ఊపిరితిత్తిలో నాడ్యూల్: ఆగి చూడాలా, పెట్ స్కానా, బయాప్సీయా, ఆపరేషనా?

వేరే దేనికోసమో తీసిన సీటీ స్కాన్ రిపోర్టులో "కుడి ఊపిరితిత్తి పై భాగంలో 9 మి.మీ. నాడ్యూల్" అని ఒక లైను కనిపిస్తుంది. నాడ్యూల్ అంటే ఊపిరితిత్తిలో కనిపించే చిన్న గడ్డ. ఇక ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు. ఒక డాక్టర్ మూడు నెలలు ఆగి మళ్ళీ స్కాన్ తీద్దామంటారు. ఇంకొకరు పెట్ స్కాన్ రాస్తారు. మరొకరు బయాప్సీ, అంటే సూదితో ముక్క తీసి చూద్దామంటారు. ముగ్గురిలో ఎవరో ఒకరు పొరబడుతున్నారని అనిపించడం సహజం. కానీ చాలాసార్లు ముగ్గురి మాటా సబబుగానే ఉంటుంది. ఆ గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం ఎంత అన్న లెక్క దగ్గరే వాళ్ళ మధ్య తేడా వస్తుంది.

అందుకే ఏ పరీక్ష మంచిదన్న ప్రశ్నకు ముందు ఆ అవకాశం ఎంతో తెలుసుకోవాలి. ఆ అంచనా లేకుండా పరీక్ష చేయిస్తే, ఫలితం చేతికొచ్చాక కూడా ఏం చేయాలో తెలియక అక్కడే ఆగిపోతాం.

భయం ఎంత పెట్టుకోవాలో చెప్పే ఒక పెద్ద అధ్యయనం ఉంది. అమెరికాలో జరిగిన నేషనల్ లంగ్ స్క్రీనింగ్ ట్రయల్ ఫలితాలు 2011లో వచ్చాయి. అందులో 55 నుంచి 74 ఏళ్ళ వయసున్న, ఏళ్ళ తరబడి ఎక్కువగా సిగరెట్లు తాగిన 53 వేల మందికి పైగా పాల్గొన్నారు. వాళ్ళలో సీటీ తీసిన వారికి "అనుమానం" అని వచ్చిన ఫలితాల్లో 96 శాతానికి పైగా చివరకు క్యాన్సర్ కాదని తేలాయి. అంత ముప్పు ఉన్నవాళ్ళలోనే పరిస్థితి అది. అదే అధ్యయనంలో, ఎక్స్‌రే తీసిన వారితో పోలిస్తే సీటీ తీసిన వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. ఈ రెండు విషయాలనూ కలిపి చూడాలి. నాడ్యూళ్ళలో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే, కానీ ప్రమాదమున్న ఆ కొన్నింటిని తొందరగా పట్టుకుంటే ప్రాణం నిలుస్తుంది.

## ఎంచుకునే ముందు స్కాన్‌లో చూడాల్సినవి

పాత స్కాన్. అన్నిటికంటే ముందు వెతకాల్సింది ఇదే. ఛాతీకే తీసి ఉండాలని లేదు. కడుపుకు తీసిన సీటీలో ఊపిరితిత్తుల కింది భాగం, మెడకు తీసిన దాంట్లో పై భాగం కనిపిస్తాయి. ఈ నాడ్యూల్ సాలిడ్ రకమై, రెండేళ్ళ క్రితం కూడా ఇంతే సైజులో ఉందని తేలితే చాలావరకు కథ అక్కడితో ముగిసినట్టే. సూదీ కత్తీ లేకుండా వచ్చే ఇంత బలమైన సాక్ష్యం ఇంకొకటి లేదు. అయినా చాలామంది ఇంట్లో పాత సీడీ ఉందో లేదో చూడకుండానే కొత్త పరీక్షలకు పరుగెత్తుతారు.

సైజు. 3 సెం.మీ. వరకు ఉంటే నాడ్యూల్ అంటారు. అది దాటితే మాస్ అంటారు, అప్పుడు క్యాన్సర్ అనుమానం బాగా ఎక్కువ. 6 మి.మీ. లోపు వాటిలో క్యాన్సర్ చాలా అరుదు. 8 మి.మీ. దాటాకే నిజమైన చర్చ మొదలవుతుంది.

రకం. సాలిడ్ నాడ్యూల్ పూర్తిగా తెల్లగా కనిపిస్తుంది. గ్రౌండ్ గ్లాస్ రకం ఆవిరి పట్టిన అద్దంలా మసకగా ఉంటుంది, దాని వెనకున్న రక్తనాళాలు కనిపిస్తూనే ఉంటాయి. మసక మధ్యలో తెల్లటి భాగం కూడా ఉంటే పార్ట్ సాలిడ్ అంటారు. తగ్గకుండా నిలిచిపోయిన పార్ట్ సాలిడ్ నాడ్యూళ్ళలో క్యాన్సర్ పాలు మిగతా రెండు రకాల కంటే ఎక్కువ. వీటిలో తెల్లటి భాగం సైజే ముఖ్యం, అది 6 మి.మీ. దాటితే అనుమానం గట్టిపడుతుంది.

అంచు, లోపలి పదార్థం, చోటు. వీటిని పట్టికలో చూడటం తేలిక.

| స్కాన్‌లో కనిపించేది | ఎటు మొగ్గుతుంది |
|---|---|
| మధ్యలో, అంతటా, పొరలుపొరలుగా లేదా పాప్‌కార్న్ ఆకారంలో కాల్షియం | దాదాపు ఎప్పుడూ ప్రమాదం లేనిదే |
| లోపల కొవ్వు | హమార్టోమా అనే మామూలు గడ్డ అయ్యే అవకాశం ఎక్కువ |
| తమ్మెల (ఊపిరితిత్తి భాగాల, అంటే లోబ్‌ల) మధ్య గీతకు ఆనుకుని, నున్నగా, త్రికోణంగా లేదా పప్పుబద్దలా | ఊపిరితిత్తి లోపలి చిన్న లింఫ్ గ్రంథి. భయం లేదు |
| ఒక పక్కన మాత్రమే లేదా చుక్కచుక్కలుగా కాల్షియం | ధైర్యం చెప్పలేం |
| నున్నటి అంచు | కొంత ఊరట, కానీ హామీ కాదు |
| ముళ్ళలా బయటికి పొడుచుకొచ్చిన అంచు | క్యాన్సర్ వైపు గట్టిగా |
| పై తమ్మెలో ఉండటం | క్యాన్సర్ వైపు కొంచెం |
| లోపల బోలుగా ఉండి, గోడ మందం 4 మి.మీ. లోపు | ఎక్కువగా మామూలుదే |
| లోపల బోలుగా ఉండి, గోడ మందం 15 మి.మీ. పైన | ఎక్కువగా క్యాన్సర్ |

పై తమ్మె విషయంలో ఒక చిక్కు ఉంది. టీబీ కూడా అక్కడే ఎక్కువగా మచ్చలు వదులుతుంది. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్ళకు ఆ ఒక్క గుర్తును పట్టుకుని భయపెట్టడం సరికాదు. అలాగని "టీబీ మచ్చే" అని తేల్చేసి వదిలేయడమూ సరికాదు. పాత మచ్చ ఉన్న చోటే క్యాన్సర్ రావచ్చు.

పెరుగుదల. గుండ్రటి గడ్డ అడ్డుకొలత 26 శాతం పెరిగితే దాని ఘనపరిమాణం రెట్టింపు అవుతుంది. అంటే 8 మి.మీ. గడ్డ 10 మి.మీ. అయితే చూడటానికి రెండే మిల్లీమీటర్లు, నిజానికి అది రెట్టింపైంది. సాలిడ్ క్యాన్సర్లు రెట్టింపు కావడానికి సాధారణంగా 100 నుంచి 400 రోజులు పడుతుంది. 20 రోజుల్లోపే రెట్టింపైతే అది ఎక్కువగా ఇన్ఫెక్షన్. గ్రౌండ్ గ్లాస్ రకం చాలా నెమ్మదిగా పెరుగుతుంది, రెట్టింపు కావడానికి రెండేళ్ళు దాటినా ఆశ్చర్యం లేదు. అందుకే వాటికి రెండేళ్ళ హామీ చాలదు, ఐదేళ్ళు చూస్తారు. ఇంకో సంగతి: ఒకే గడ్డను ఇద్దరు కొలిస్తే 1 నుంచి 2 మి.మీ. తేడా రావడం మామూలే. రిపోర్టులో 7 కాస్తా 8 అయిందని చూసి పెరిగిపోయిందనుకోకండి. రెండు స్కాన్లనూ పక్కపక్కన పెట్టి ఒకే రేడియాలజిస్ట్ కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

## స్కాన్‌తో పాటు మనిషినీ చూడాలి

ఒకే బొమ్మ ఇద్దరి విషయంలో రెండు రకాల అర్థాలివ్వగలదు. 38 ఏళ్ళ వయసులో, పొగ అలవాటు లేని మనిషిలో 9 మి.మీ. నున్నటి గడ్డకూ, 68 ఏళ్ళ వయసులో, ముప్పై ఏళ్ళు సిగరెట్లు తాగిన మనిషిలో అదే గడ్డకూ పోలికే లేదు. వయసు, పొగతాగడం, ఇంతకుముందు ఏదైనా క్యాన్సర్ రావడం, ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉండటం, ఎంఫిసీమా (ఊపిరితిత్తుల్లోని గాలి సంచులు పాడయ్యే జబ్బు) ఉండటం అవకాశాన్ని పెంచుతాయి.

వీటన్నిటినీ కలిపి శాతంగా చెప్పే లెక్కలు ఉన్నాయి. 1997లో వచ్చిన మేయో మోడల్, 2013లో వచ్చిన బ్రాక్ మోడల్ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మీ డాక్టర్‌ను నేరుగా అడగండి: "నా విషయంలో ఇది క్యాన్సర్ అయ్యే అవకాశం సుమారు ఎంత శాతం?" ఈ ఒక్క ప్రశ్నతో సంభాషణ తీరే మారిపోతుంది. ఈ మోడళ్ళు అమెరికా, కెనడా రోగుల వివరాలతో తయారయ్యాయి. కాబట్టి టీబీ ఎక్కువగా ఉన్న చోట ఆ శాతాన్ని వేదవాక్కుగా తీసుకోకూడదు, అనుభవమున్న డాక్టర్ అంచనాను కూడా జోడించాలి.

8 మి.మీ. పైబడిన సాలిడ్ నాడ్యూళ్ళకు అమెరికన్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్ 2013లో ఇచ్చిన సూచన స్థూలంగా ఇలా ఉంది: 5 శాతం లోపు అయితే సీటీతో గమనించడం, 5 నుంచి 65 శాతం మధ్య అయితే పెట్ స్కాన్, అవసరాన్ని బట్టి బయాప్సీ, 65 శాతం దాటితే నేరుగా ఆపరేషన్ గురించి ఆలోచించడం. బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2015 సూచనల్లో గీతలు 10, 70 శాతాల దగ్గర పడ్డాయి. అంకెలు వేరైనా దారి ఒకటే.

## నాలుగు దారులు

### ఆగి, మళ్ళీ సీటీ తీయడం

దీన్ని చాలామంది "ఏమీ చేయకుండా కూర్చోవడం" అనుకుంటారు. నా దృష్టిలో ఇది చాలా మంచి పరీక్ష, కాకపోతే దీని ఫలితం రావడానికి నెలలు పడుతుంది. కాలం గడిచేకొద్దీ క్యాన్సర్ పెరుగుతుంది, పాత మచ్చ అలాగే ఉంటుంది, ఇన్ఫెక్షన్ తగ్గిపోతుంది. ఒకే స్కాన్‌లో తెలియని ఈ తేడా రెండు స్కాన్ల మధ్య బయటపడుతుంది.

ఎంతకాలానికి మళ్ళీ తీయాలో ఛాతీ స్కాన్ నిపుణుల సంఘమైన ఫ్లైష్‌నర్ సొసైటీ 2017 సూచనలు చెబుతాయి. ఒంటరిగా ఉన్న సాలిడ్ నాడ్యూల్ 6 మి.మీ. లోపు ఉండి, ముప్పు తక్కువైతే మళ్ళీ స్కాన్ అక్కర్లేదు. ముప్పు ఎక్కువైతే 12 నెలల తర్వాత ఒక్కసారి తీయవచ్చు. 6 నుంచి 8 మి.మీ. అయితే 6 నుంచి 12 నెలల మధ్య ఒకటి, ముప్పును బట్టి 18 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి. 8 మి.మీ. దాటితే మూడు నెలలకు సీటీ, లేదా పెట్ స్కాన్, లేదా బయాప్సీ. గ్రౌండ్ గ్లాస్ 6 మి.మీ., ఆపైన ఉంటే 6 నుంచి 12 నెలల్లో ఒకసారి చూసి, అలాగే ఉంటే రెండేళ్ళకోసారి ఐదేళ్ళ వరకు. పార్ట్ సాలిడ్ 6 మి.మీ., ఆపైన ఉంటే 3 నుంచి 6 నెలల్లోనే మొదటి స్కాన్.

ఈ సూచనలు అందరికీ వర్తించవు. 35 ఏళ్ళ లోపు వాళ్ళకు, ఇప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్ళకు, రోగనిరోధక శక్తి తగ్గిన వాళ్ళకు ఇవి రాసినవి కావు. ఇంటర్నెట్‌లో ఈ పట్టిక చూసి ధైర్యపడే ముందు ఆ మూడింటిలో మీరు లేరని నిర్ధారించుకోండి.

లోటు ఏమిటంటే, క్యాన్సరే అయితే ఆ నెలలు వృథా అవుతాయేమోనన్న టెన్షన్. చిన్న నాడ్యూళ్ళలో ఆ నష్టం చాలా తక్కువ. రేడియేషన్ భయం కూడా మోతాదులోనే ఉంచుకోవాలి: తక్కువ డోసు ఛాతీ సీటీ సుమారు 1.5 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ కొలత), మామూలు ఛాతీ సీటీ సుమారు 7. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేది 2.4. గమనించడానికి తీసే స్కాన్ తక్కువ డోసులోనే తీయమని అడగవచ్చు. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. మొదటి స్కాన్ బాగుందని రెండోదానికి వెళ్ళడం మానేయడమే ఈ దారిలో పెద్ద గండి.

### పెట్ స్కాన్

చక్కెర లాంటి రేడియోధార్మిక పదార్థాన్ని ఎక్కించి, దాన్ని ఏ కణాలు ఎక్కువగా పీల్చుకుంటున్నాయో చూస్తారు. చురుగ్గా పెరిగే క్యాన్సర్ ఎక్కువ పీల్చుకుని వెలుగుతుంది. గడ్డతో పాటు మిగతా ఒళ్ళు కూడా కనిపిస్తుంది కాబట్టి జబ్బు పాకిందో లేదో తెలియడం దీని గొప్ప లాభం.

కానీ ఇది రెండు వైపులా మోసం చేయగలదు. 8 మి.మీ. లోపు గడ్డలు, గ్రౌండ్ గ్లాస్ రకం, కార్సినాయిడ్ అనే నెమ్మదైన కణితి క్యాన్సరైనా వెలగకపోవచ్చు. టీబీ, సార్కాయిడోసిస్ (ఒంట్లో చిన్న వాపు గడ్డలు కట్టే జబ్బు), ఫంగస్ ఇన్ఫెక్షన్లు క్యాన్సర్ కాకపోయినా వెలుగుతాయి. 2014లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణలో, క్యాన్సర్ కాని గడ్డను "కాదు" అని పెట్ స్కాన్ సరిగ్గా చెప్పగలగడం మామూలు ప్రాంతాల్లో 77 శాతం ఉంటే, ఇలాంటి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 61 శాతమే ఉంది. అందుకే పెట్‌లో వెలిగిందన్న ఒక్క కారణంతో ముక్క పరీక్ష లేకుండా క్యాన్సర్ చికిత్స మొదలుపెట్టమంటే రెండో అభిప్రాయం తప్పకుండా తీసుకోండి.

6 మి.మీ. గడ్డకు పెట్ స్కాన్ రాస్తే ఎందుకని అడగండి. వెలగకపోతే "చిన్నది కాబట్టి వెలగలేదేమో" అంటారు, చివరికి మళ్ళీ సీటీ దగ్గరికే వస్తారు. నిర్ణయాన్ని మార్చలేని పరీక్ష అక్కర్లేదన్నది నా గట్టి అభిప్రాయం.

### బయాప్సీ

ఇది రెండు రకాలు. సీటీలో చూస్తూ ఛాతీ గోడ గుండా సూది దించడం ఒకటి. శ్వాసనాళం గుండా గొట్టం పంపి లోపలి నుంచి ముక్క తీసే బ్రాంకోస్కోపీ రెండోది. గడ్డ ఊపిరితిత్తి బయటి అంచున ఉంటే సూదికి తేలిగ్గా అందుతుంది. లోపల, శ్వాసనాళం దగ్గరగా ఉంటే బ్రాంకోస్కోపీ నయం.

సూదికి ఉన్న పెద్ద చిక్కు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. అమెరికాలో 2011లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో ఇది 15 శాతం మందికి వచ్చింది, 6.6 శాతం మందికి ఆ గాలి తీయడానికి గొట్టం వేయాల్సి వచ్చింది. ఎంఫిసీమా ఉంటే ఈ ముప్పు ఇంకా ఎక్కువ. 2025లో వెలువడిన వెరిటాస్ ట్రయల్ 10 నుంచి 30 మి.మీ. నాడ్యూళ్ళలో సూదినీ, నావిగేషన్ (గడ్డ దాకా దారి చూపే సాంకేతికత) సాయంతో చేసే బ్రాంకోస్కోపీనీ పోల్చింది. సరైన నిర్ధారణ ఇవ్వడంలో బ్రాంకోస్కోపీ సూదికి తీసిపోలేదు, గాలి చేరడం మాత్రం సూదితో 28 శాతం మందిలో, బ్రాంకోస్కోపీతో 3 శాతం మందిలో కనిపించింది. ఆ సదుపాయం, చేయి తిరిగిన డాక్టర్ అందుబాటులో ఉంటే అటే మొగ్గడం మంచిదనిపిస్తుంది.

బయాప్సీ రిపోర్టు చదివేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. "టీబీ గ్రాన్యులోమా" అనో "హమార్టోమా" అనో పేరు పెట్టి రాస్తే అది జవాబు. "క్యాన్సర్ కణాలు కనిపించలేదు" అని మాత్రమే ఉంటే అది జవాబు కాదు, సూది పక్కకు పడి ఉండవచ్చు. అనుమానం బలంగా ఉన్నప్పుడు ఇలాంటి రిపోర్టు చూసి ఫైలు మూసేయకూడదు.

### ఆపరేషన్

కెమెరా సాయంతో చిన్న కోతలతో గడ్డ ఉన్న భాగాన్ని తీసి, రోగి ఇంకా మత్తులో ఉండగానే పరీక్షకు పంపుతారు. క్యాన్సర్ అని తేలితే అదే ఆపరేషన్‌లో మిగతా అవసరమైన భాగమూ తీస్తారు. అంటే నిర్ధారణ, చికిత్స ఒకేసారి. 2 సెం.మీ. లోపు, బయటి అంచునున్న తొలి దశ క్యాన్సర్లకు పూర్తి తమ్మె తీయకుండా కొంత భాగమే తీసినా ఫలితం తగ్గలేదని 2022, 2023ల్లో వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్ చూపించాయి.

అవకాశం 65, 70 శాతం దాటి, ఊపిరితిత్తుల శక్తి బాగున్నప్పుడు ఇది సబబైన దారి. "ఎందుకొచ్చిన గొడవ, తీయించేద్దాం" అన్న తొందరలో 10 శాతం అనుమానానికి దీన్ని ఎంచుకుంటే, పదిమందిలో తొమ్మిది మంది మామూలు మచ్చ కోసం కోత పడినట్టు.

| | తేల్చి చెప్పే బలం | ఒంటికి ముప్పు | ఎప్పుడు వృథా |
|---|---|---|---|
| మళ్ళీ సీటీ | నెలల మీద బాగా ఎక్కువ | చాలా తక్కువ | అనుమానం ఇప్పటికే గట్టిగా ఉన్నప్పుడు |
| పెట్ స్కాన్ | మధ్యస్థం | రేడియేషన్ మాత్రమే | 8 మి.మీ. లోపు, గ్రౌండ్ గ్లాస్ |
| సూది బయాప్సీ | పేరుతో జవాబు వస్తే ఎక్కువ | గాలి చేరడం, రక్తస్రావం | గడ్డ చిన్నదై లోతుగా ఉన్నప్పుడు |
| బ్రాంకోస్కోపీ | గడ్డ చోటును బట్టి | సూది కంటే తక్కువ | గడ్డ గొట్టానికి అందని చోట ఉన్నప్పుడు |
| ఆపరేషన్ | అన్నిటికంటే ఎక్కువ | అన్నిటికంటే ఎక్కువ | అనుమానం తక్కువగా ఉన్నప్పుడు |

## మీరు ఏ కోవలో ఉన్నారు?

5 మి.మీ. గడ్డ, పొగ అలవాటు లేదు, ఏ జబ్బూ లేదు అంటే నిజంగా ఏమీ చేయనక్కర్లేదు. మనసు ఒప్పక ఏడాది తర్వాత ఒక్కసారి చూసుకుంటానంటే తప్పులేదు. అంతకుమించి వద్దు.

కష్టమంతా 8 నుంచి 20 మి.మీ. మధ్య, అవకాశం 10 నుంచి 60 శాతం ఉన్నవాళ్ళది. ఇక్కడ ఒకే సరైన జవాబు లేదు. అనిశ్చితిని ఎంత భరించగలరన్నది కూడా లెక్కలోకి రావాలి. మూడు నెలలు ఆగితే తిండి, నిద్ర కరువయ్యే మనిషికి ముందే బయాప్సీ చేయించడం న్యాయమే. సూది అంటేనే వణికిపోయే, అనుమానం 10 శాతం దగ్గరే ఉన్న మనిషికి మూడు నెలల సీటీ కూడా అంతే న్యాయం. ఈ మాట డాక్టర్‌తో పైకే చెప్పాలి, చెప్పకపోతే వాళ్ళకు తెలియదు.

ఎంఫిసీమా ముదిరి, మెట్లెక్కితే ఆయాసపడే వాళ్ళ విషయంలో ప్రశ్న చివరి నుంచి మొదలవ్వాలి: క్యాన్సర్ అని తేలితే ఏ చికిత్స చేయగలం? ఆపరేషన్ కుదరకపోతే, ఒకే చోట గురిపెట్టే రేడియేషన్ చికిత్స ఉంది. దానికీ ఒళ్ళు సహకరించదంటే, గాలి చేరే ముప్పుతో సూది వేయించడంలో అర్థం లేదు.

ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్ళు పై పట్టికలను పక్కన పెట్టి తమ క్యాన్సర్ డాక్టర్‌నే అడగాలి. ఆ పాత జబ్బు ఏది, ఎన్నేళ్ళైంది అన్నదాన్ని బట్టి అంతా మారిపోతుంది.

గ్రౌండ్ గ్లాస్ ఉన్నవాళ్ళు తొందరపడకండి, మరిచిపోనూ వద్దు. వీటిలో కొన్ని కొద్ది నెలల్లోనే మాయమవుతాయి. నిలిచిపోయినవి నెమ్మదైనవి కాబట్టి ఐదేళ్ళ గమనింపుకు సమయం ఉంటుంది.

జ్వరం, కఫం ఏమీ లేకుండా "ముందు ఒక కోర్సు యాంటీబయాటిక్ వాడి చూద్దాం" అంటే ఒప్పుకోవాల్సిన పనిలేదు. దాంతో గడ్డ సంగతి తేలదు. పరీక్ష లేకుండా ప్రయోగంగా టీబీ మందులు మొదలుపెట్టడం ఇంకా నష్టం, నెలలు గడిచిపోతాయి.

ఆగి చూసే దారి ఎంచుకుంటే తర్వాతి స్కాన్ కూడా వీలైతే అదే సెంటర్‌లో, 1 నుంచి 1.5 మి.మీ. పలుచటి స్లైసులతో తీయించండి. మందపాటి స్లైసుల్లో చిన్న గడ్డ కొలత తప్పుతుంది. రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చుకోకుండా బొమ్మలున్న సీడీ కూడా తీసుకోండి. తర్వాతి తేదీని ఇంట్లో మరొకరికీ చెప్పి ఉంచండి. ఈలోగా దగ్గితే రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, గొంతు బొంగురుపోయి వారాల తరబడి తగ్గకపోయినా ఆ తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.